ద్రాక్ష లేని వైను

వెలిచ్కో ఈ ఏడు ద్రాక్షపళ్ళు లేకుండానే ఎర్ర వైను తీస్తున్నాడంట. పొద్దున రొట్టెల బండి దగ్గర పెనా ఈ మాట చెప్పిందని మా అత్త ఇంటికొచ్చి నాకు చెప్పింది. పెనాకు చెప్పింది ఆమె మొగుడు రష్కో. రష్కో మాత్రం స్వయంగా విన్నాడు, తోంచో సారాకొట్లో పదిమంది మధ్య కూర్చుని. కొట్టు వెనకాల దడి దగ్గరికి వెలిచ్కో పోయి, నిలబడి, తిరిగొచ్చి, బొత్తాలు పెట్టుకుంటూనే అన్నాడంట: "మీరంతా తీగలు కత్తిరించి, మందు కొట్టి, గుత్తులు కోసి, తొక్కి, పీపాలకు పోసి, అంత చాకిరీ చేసి తీస్తారు. నాకా బాధ లేదు. దడి పక్కన నిలబడితే చాలు, ఎర్రగా దిగుతోంది."

కొట్టు మొత్తం పొట్ట పట్టుకుని నవ్విందంట.

మా అత్త కథంతా చెప్పి తనూ నవ్వింది. నవ్వి, తలగుడ్డ విప్పి మేకుకు తగిలించి, పొయ్యిలో ఒక మొద్దు వేసి, పొయ్యి తలుపు మూస్తూ నెమ్మదిగా అంది: "వాళ్ళ నాన్న దిమోకు కూడా ఇట్టాగే గదూ మొదలైంది."

దిమో సంగతి ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలుసు. ఒక చలికాలమంతా నెత్తురు పోతున్నా ఎవరితోనూ అనకుండా మేకల్ని తోలుకుంటూ, అడిగినవాళ్ళకు నడుం పట్టేసిందని చెప్పుకుంటూ తిరిగాడు. మంచు కరిగాక ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టర్లు చేతులెత్తేశారు. చెర్రీలు పండేలోపే పోయాడు. అప్పుడు వెలిచ్కో సైన్యంలో ఉన్నాడు. శవపెట్టె మూత వేసే ముందు పరుగెత్తుకుంటూ వచ్చి అందుకున్నాడు. ఇప్పుడు అతనికి సరిగ్గా నాన్న పోయిన వయసు.

వెలిచ్కోది మా గోడకు అవతలి ఇల్లు. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చిన రోజు నుంచీ అతన్ని బావా అంటాను, చదువుకున్నదాన్నని అతను నన్ను 'ఏమ్మా కాలేజీ' అంటాడు. అతనంత నవ్వించేవాడు ఈ చుట్టుపక్కల లేడు. చావింట్లో పెట్టె మోసేవాళ్ళను కూడా నవ్వించి, పెట్టె ఊగితే, "మెల్లగా, ఆయనకు తల తిరుగుద్ది" అన్న మనిషి. ఇంట్లో మాత్రం మితంగానే మాట్లాడేవాడు. నవ్వించడానికి అతనికి మనుషులు కావాలి, బల్ల కావాలి, బల్లకు అవతల ఎదురు మాట అనేవాడు కావాలి. పెళ్ళాం స్తోయ్నా ఒక్కతే ఉంటే సభ సరిపోయేది కాదు.

తోంచో కొట్లో మగవాళ్ళ నవ్వుకు ఒక పద్ధతి ఉంది. మా ఆయన రోజూ అక్కడే కూర్చుంటాడు కాబట్టి నాకు తెలుసు. ఒకడు ఒక మాట విసురుతాడు. తగిలినవాడు గ్లాసు కింద పెట్టేలోపు తిరిగి విసరాలి. ఎంత గట్టిగా విసిరితే అంత ప్రేమ ఉన్నట్టు. నొచ్చుకున్నవాడూ, నిజంగా ఏమైందిరా అని అడిగినవాడూ బల్ల చెడగొట్టినట్టే; వాడి పక్కన కుర్చీ ఆ సాయంత్రమంతా ఖాళీగా ఉంటుంది. అందుకని వెలిచ్కో వైను మాట అనగానే రష్కో, "ఒక పీపా నా పేరు రాసి పక్కన పెట్టు బావా, మా మరదలి పెళ్ళికి పోద్దాం" అన్నాడు. తోంచో, "మూత పెట్టకుండా తీస్తే పులిసిపోద్ది, చూసుకో" అన్నాడు. మర్నాటికి అది ఇంకాస్త పెరిగింది. వెలిచ్కో కుర్చీలోంచి లేస్తే చాలు, "ద్రాక్ష కోతకు పోతున్నాడు, బుట్టలందించండి" అని కేకేసేవాళ్ళు. అతను గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, కూలి ఎంతిస్తారని అడిగేవాడు.

మా ఆయన ఇవన్నీ ఇంటికొచ్చి చెప్పి మళ్ళీ నవ్వేవాడు. ఎన్నాళ్ళ నుంచంట అని నేనడిగితే తెల్లమొహం వేశాడు.

"ఏంటి ఎన్నాళ్ళ నుంచి?"

"ఆ ఎరుపు."

"నాకేం తెలుసు. అది జోకు, దఫినా. జోకును పట్టుకుని ఎవరన్నా ప్రశ్నలేస్తారా?"

అంతకుముందే, శీతాకాలం మొదట్లో, నాకు అర్థంకాని పని ఒకటి జరిగింది. స్తోయ్నా గోడ మీదుగా నాకు ఒక గోతం అందించింది. దాన్నిండా బీట్‌రూట్. వాళ్ళ పెరట్లో పండినవే, మన్ను కూడా దులపలేదు. మాకొద్దు, మీ అత్త ఊరగాయ పెట్టుకుంటుందేమో అంది. వెలిచ్కోకు బీట్‌రూట్ అంటే ప్రాణం కదక్కా అన్నాను. "ఈ ఏడు వండను" అని లోపలికి పోయింది. ఇద్దరూ పోట్లాడుకున్నారేమో, అతనికిష్టమైనది వండకుండా కక్ష తీర్చుకుంటోందేమో అనుకున్నాను. గోతం మా నేలమాళిగలో పడి ఉంది.

జనవరిలో మంత్రసాని పండగ వచ్చింది. ఆ రోజు ఊరు ఆడవాళ్ళది. మగవాళ్ళు ఇళ్ళల్లోనో, కిటికీ తలుపులు మూసుకున్న తోంచో కొట్లోనో ఉండాలి. రోడ్డు మీద దొరికినవాడి టోపీ లాగేసుకుంటాం, అడిగింది ఇచ్చినదాకా వదలం. ఊరి సావిట్లో బల్లలు కలిపి వేసి, కాల్చిన కోళ్ళూ, జున్ను పెట్టిన బానిత్సా రొట్టెలూ, వైనూ పెట్టుకుని పెళ్ళైనవాళ్ళం అందరం కూర్చుంటాం. పైన పీట మీద నెదెల్యా అవ్వ కూర్చుంటుంది. ఊళ్ళో నడుస్తున్న మనుషుల్లో సగానికి పైగా ఆమె చేతుల్లోకి జారినవాళ్ళే. ఆమె కాన్పులు మానేసి చాలా ఏళ్ళయింది, అయినా పండగ ఆమెదే. ఒకరి తర్వాత ఒకరం ఆమె చేతుల మీద నీళ్ళు పోసి, సబ్బూ తువ్వాలూ ఇచ్చాం. మెడలో ఎండుమిరపకాయల దండా వెల్లుల్లి దండా వేశాం, చెవులకు ఉల్లిపాయలు తగిలించాం. ఆమె ఒక గ్లాసు రకియా సారా గుక్కలో తాగేసి, "ఇక కానీండి" అంది.

అక్కడ మా నవ్వుకూ ఒక పద్ధతి ఉంది, తోంచో కొట్టుది కాదు. మా దాంట్లో ఎవరూ ఎవరి మీదా విసరరు. ఒకతె తను పడ్డ సంగతి చెబుతుంది. పక్కావిడ తను అంతకంటే ఘోరంగా పడ్డ సంగతి చెబుతుంది, మొదటామె నేల మీద ఒంటరిగా ఉండకూడదని. అట్లా బల్ల చుట్టూ తిరిగేసరికి అందరం కిందే ఉంటాం, అందరికీ హాయిగా ఉంటుంది.

పెనా తన పెళ్ళైన కొత్తలో కోడిని పేగులతో సహా కాల్చిన కథ చెప్పింది. అత్తగారు తిని, బాగుంది, మసాలా ఏం వేశావమ్మా అని అడిగిందంట. మా అత్త లేచి, మా మామ మొదటి రాత్రి బొచ్చుటోపీ తియ్యకుండా పక్కలోకి వచ్చాడనీ, చలి అనుకుని తనేమీ అనలేదనీ, నెల తర్వాత గానీ బట్టతల సంగతి బయటపడలేదనీ చెప్పింది. "అన్నాళ్ళూ నేను చూసింది ఆ తల కాదులే" అని కూర్చుంది. నెదెల్యా అవ్వ నవ్వుకు చెవిలో ఉల్లిపాయ ఊడి పళ్ళెంలో పడింది.

అప్పుడు స్తోయ్నా లేచింది. ఆమె మామూలుగా వినేదే గానీ చెప్పేది కాదు. అందుకే బల్ల సద్దుమణిగింది.

"నేనెంత తెలివిగలదాన్నో వినండి" అని మొదలుపెట్టింది. "మా ఆయన లోపలి బట్టలు ఉతుకుతుంటే నీళ్ళు ఎర్రగా దిగుతున్నాయి. బీట్‌రూట్ తిన్నాడు కదా, దాని పనే అనుకున్నా. బీట్‌రూట్ వండటం మానేశా. మళ్ళీ ఎరుపే. సరే, ఎండుమిరపకాయలు ఎక్కువైనాయి అనుకున్నా. అవీ మానేశా. మళ్ళీ ఎరుపే. టమాటా రసం మానేశా. ఎర్ర వైను దాచిపెట్టి తెల్లది పోశా. వంటింట్లో ఎర్రటిది కనపడితే బయటికి గిరాటెయ్యటమే. ఆఖరికి ఇంట్లో ఎర్రగా మిగిలింది నా ముక్కొకటే. అద్దంలో చూసుకుని, దీన్నేం చెయ్యాలా అని ఆలోచించా."

బాగా చెప్పింది. ముక్కు పట్టుకుని మరీ చూపించింది. అందరం పడీపడీ నవ్వాం, నేనూ నవ్వాను, నవ్వుతూండగానే మా నేలమాళిగలో ఉన్న గోతం గుర్తొచ్చింది. నెదెల్యా అవ్వ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. నవ్వు పూర్తిగా ఆగకముందే, తువ్వాలు మొహం మీద నుంచి తియ్యకుండానే అడిగింది:

"ఎప్పట్నుంచే?"

"గుమ్మడికాయలు కోసినప్పట్నుంచి" అంది స్తోయ్నా.

అంతే, నిలబడ్డది నిలబడ్డట్టే ఏడ్చింది. పక్కనున్న పెనా ఆమె నడుం చుట్టూ చెయ్యేసి కూర్చోబెట్టింది. రొట్టెల బండి దగ్గర అందరికంటే ముందు ఆ వైను మాట మోసింది తనే కాబట్టి పెనా మొహం మరీ పాలిపోయింది. స్తోయ్నా చెప్పింది, ఇంట్లో అడిగితే నీకో గ్లాసు పొయ్యనా అంటాడంట. ఆసుపత్రి అంటే గొడ్డలి తీసుకుని కట్టెలు కొట్టడానికి పోతాడంట. పిల్లల్ని పిలిపిస్తానంటే, మరి పాటగాళ్ళను కూడా పిలిపించు, పెళ్ళే కదా అన్నాడంట. "నేను చెయ్యి పట్టుకుని లాక్కుపోతే తోంచో కొట్లో తలెత్తుకోలేనంటాడు. పెళ్ళాం ఆసుపత్రికి తోలుకుపోయిందిరా అని జన్మంతా అంటారంట. వాళ్ళ నాన్న పోయినట్టే పోతాడు నవ్వించుకుంటూ, నేను చూస్తూ కూర్చోవాలి."

నెదెల్యా అవ్వ పళ్ళెంలో పడ్డ ఉల్లిపాయ తీసి మళ్ళీ చెవికి తగిలించుకుంది.

"ఇవాళ ఏం పండగే?" అంది.

"నీ పండగే అవ్వా."

"రోడ్డు మీద దొరికిన మగాడు ఎవరి సొత్తు?"

ఆ ముసలిదాని బుర్ర పనిచేసే తీరు అట్లాంటిది. భోజనాలయ్యాక ఆమెను బండిలో ఎక్కించి ఊరంతా తిప్పి ఊటబావి దాకా తీసుకుపోవటం ఎలాగూ ఉంది. పూర్వం ఎద్దుల బండి. ఇప్పుడు మేం ఉల్లిపాయలూ మిరపకాయలూ పట్నం సంతకు తోలే మా వ్యాను. నేనే నడుపుతాను. వెనక సీట్ల మీద కంబళ్ళు పరిచి, అవ్వను రాణిలా కూర్చోబెట్టి, మిగతావాళ్ళు గిన్నెలు వాయిస్తూ చుట్టూ నడుస్తుంటే, బయల్దేరాం. నేరుగా వెలిచ్కో ఇంటికి.

ఆ ఇంటికి ఎదురుగా, వీధికి అవతల, తోంచో కొట్టు. కిటికీ తెరలు వేసి ఉన్నా తెరల వెనక తలలన్నీ కనపడుతూనే ఉన్నాయి. వెలిచ్కో మాత్రం ఇంట్లోనే ఉన్నాడు, అతనికి ఆ మధ్య కొట్లో ఎక్కువసేపు కూర్చోవటం కష్టంగా ఉంటోంది. ఇంట్లో ఉన్నవాణ్ణి ముట్టుకోకూడదు, పద్ధతి కాదు. స్తోయ్నా గేటు దగ్గర నిలబడి, రకియా అయిపోయింది, నేలమాళిగలోంచి ఒక సీసా తెచ్చివ్వమని కేకేసింది. అతను సీసా పట్టుకుని వచ్చాడు. గేటు లోపల నుంచి చెయ్యి మాత్రమే చాచాడు, తెలివైనవాడే. నా నడుం వంగదు, ఇంకో అడుగు ముందుకు రారా అంది అవ్వ వ్యానులోంచి. తన తల్లికి పురుడు పోసిన ముసలమ్మ కదా, వచ్చాడు. కాలు రోడ్డు మీద పడీపడగానే పెనా అతని టోపీ లాగేసి అవ్వ ఒళ్ళో పడేసింది.

కొట్టు కిటికీలు తెరుచుకున్నాయి. తీసుకుపోండి, మాకొద్దు, తిరిగి తేవొద్దు అని లోపల్నుంచి అరుపులు. రష్కో, వాడికి తిండెక్కువ, ముందే ఆలోచించుకోండి అని కేకేశాడు. వెలిచ్కో కూడా నవ్వుతూ, సీసా పైకెత్తి, ఇదిగో నా విడుదల ఖరీదు అన్నాడు.

"ఇది నాకెందుకురా" అంది నెదెల్యా అవ్వ. ఆమె గొంతు ఆ వయసులో కూడా వీధి చివరిదాకా వినపడుతుంది. "ఈ ఏడు నువ్వు కొత్త వైను తీస్తున్నావంట. ఊరంతా చెప్పుకుంటున్నారు. నాకది కావాలి. పట్నంలో దాన్ని రుచి చూసి చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళ దగ్గర పోసి చూపించు. అప్పుడిస్తా టోపీ."

కొట్టులోంచి వచ్చిన నవ్వుకు పావురాలు లేచిపోయినాయి. వెలిచ్కో నవ్వు మాత్రం సగంలో నిలిచిపోయింది. అవ్వ వైపు చూశాడు. తర్వాత స్తోయ్నా వైపు చూశాడు. ఆమె నవ్వటం లేదు, ఏడవటమూ లేదు, ఏప్రాను అంచు మడతపెడుతూ విప్పుతూ ఉంది.

స్టీరింగ్ దగ్గర నుంచి నాకతని మొహం బాగా కనపడింది. ఇంకెవరన్నా, ఇంకే రోజన్నా అయితే వెనక్కి తిరిగి గేటు వేసేసుకునేవాడు. కానీ పండగ రోజు పట్టుబడ్డవాడు ఎదురు తిరిగితే నవ్వులపాలయ్యేది వాడే. వెళ్తే నవ్వించినవాడౌతాడు. అతను కొట్టు వైపు తిరిగి, బోసితలతో వంగి దండం పెట్టాడు.

"పట్టుబడ్డాను రా. నా పీపాలు జాగ్రత్త" అని వ్యాను ఎక్కాడు.

చప్పట్లు కొట్టారు. తోంచో వీడ్కోలుకు గరిటెతో మూకుడు వాయించాడు. స్తోయ్నా కూడా అతని పక్కన ఎక్కాక నేను తలుపు మూసి బండి పోనిచ్చాను. ఊటబావి మలుపు దగ్గర మిగతా ఆడవాళ్ళు ఆగిపోయారు, మేం నలుగురం పట్నం రోడ్డెక్కాం.

లోపల ఉల్లిపాయల వాసన, వెల్లుల్లి వాసన. పొద్దుతిరుగుడు చేల మోళ్ళ మీద మంచు మెరుస్తోంది. వెలిచ్కో ఒకసారి, "ఒకడు ఆసుపత్రికి పోయి డాక్టరుతో అన్నాడంట..." అని మొదలుపెట్టాడు. మేం వింటున్నాం. అతను ఆపేశాడు. ఆ డాక్టరుతో ఏమన్నాడో ఇప్పటికీ మాకు తెలియదు. అద్దంలో చూస్తే అతని చేతిలో స్తోయ్నా ఏప్రాను అంచు ఉంది, ఈసారి మడతపెడుతోంది అతను.

ఆసుపత్రి గేటు దగ్గర కాపలా మనిషి మిరపకాయల దండలతో దిగుతున్న అవ్వను చూసి, అత్యవసర విభాగం ఇటు తల్లీ అని ఆమెనే పట్టుకున్నాడు. నేను కాదురా, ఆ నవ్వేవాడు అందామె. లోపల డాక్టరు ఆడమనిషి, చిన్నది. ఆమెను చూడగానే వెలిచ్కో గుమ్మం దగ్గరే బిగుసుకుపోయాడు. అవ్వ వెనక నుంచి నెట్టింది. "నిన్ను ఈ భూమ్మీద మొట్టమొదట చూసింది నేను. అప్పుడూ ఇంతే గోల చేశావు. పద."

అతను కుర్చీలో కూర్చుని, అలవాటు ఎక్కడికి పోతుంది, "డాక్టరమ్మా, మా ఊళ్ళో కొత్త రకం వైను" అని మొదలుపెట్టాడు. ఆ పిల్ల నవ్వలేదు, కోప్పడనూ లేదు. కలం మూత తీసింది.

"ఎప్పట్నుంచి?"

వెలిచ్కో స్తోయ్నా వైపు చూశాడు.

"గుమ్మడికాయలు కోసినప్పట్నుంచి" అన్నాడు.

స్తోయ్నా గోడకు ఆనుకుంది. అతను కూడా మొదటి రోజు నుంచీ గుర్తుపెట్టుకునే ఉన్నాడని ఆమెకు అప్పుడే తెలిసింది.

అతన్ని అక్కడే ఉంచుకున్నారు. మూత్రసంచిలో ఒక రాయి ఉంది, ఆ పక్కనే ఒక బుడిపె కూడా ఉంది. రాయిని పగలగొట్టి తీశారు. బుడిపెను కోసి పరీక్షకు పంపారు. అది మంచిదో చెడ్డదో తేలాలంటే ఆగాలన్నారు. ఇంటికి తెచ్చాం. టోపీ మాత్రం నెదెల్యా అవ్వ ఇవ్వలేదు. విడుదల పూర్తికాలేదు, పట్నం నుంచి మాట రావాలి అని తన పొయ్యి పక్కన మేకుకు తగిలించుకుంది.

గడ్డకట్టే చలిలో వెలిచ్కో బోసితలతో తిరిగాడు. ఇంకో టోపీ కొనుక్కోవచ్చు, కొనుక్కోలేదు. కొట్లో అతన్ని ఆడవాళ్ళ ఖైదీ అన్నారు, బీరువాలో పెట్టి తాళం వేశారా అని అడిగారు. తిరిగి విసిరేవాడు, కానీ కాస్త ఆలస్యంగా. పరీక్ష సంగతి వాళ్ళు అడగలేదు, అతను చెప్పలేదు. కానీ ఒకరోజు పొద్దున్నే మా గోడ అవతల గొడ్డలి చప్పుడు వినపడితే చూశాను. రష్కో. ఎవరూ పిలవకుండా వచ్చి వెలిచ్కో కట్టెలన్నీ కొడుతున్నాడు. వెలిచ్కో గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నీ గొడ్డలి కూడా నీలాగే మొద్దురా అన్నాడు రష్కో. మొద్దుల్ని కొట్టడానికి అదే మేలు అన్నాడు వెలిచ్కో. రష్కో కట్టెలు పేర్చి, చెమట తుడుచుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చి చలికాలం మొత్తానికీ సరిపడా కొట్టిపెట్టాడు.

స్తోయ్నా ఆ రోజుల్లో ఫోను ఏప్రాను జేబులో పెట్టుకుని తిరిగేది. కోళ్ళకు గింజలు వేస్తున్నా, క్యాబేజీ పీపాలో ఉప్పునీళ్ళు కలుపుతున్నా ఒక చెయ్యి జేబు మీదే. నేను గోడ మీదుగా పలకరిస్తే, ఇంకా లేదు అనేది, నేనడిగింది వేరే ఏదైనా సరే.

ఫిబ్రవరి మొదట్లో ఒక మధ్యాహ్నం గోడ అవతల ఫోను మోగింది. నేను చేతిలో పని ఆపేసి నిలబడ్డాను. ఆమె ఊఁ అంది, ఊఁ అంది, మళ్ళీ చెప్పండి అంది. తర్వాత ఆమె తల గోడ మీద కనపడింది. తలగుడ్డ జారిపోయింది, ముక్కు నిజంగానే ఎర్రగా ఉంది.

"దఫినా" అంది, "ఆ బీట్‌రూట్ ఇంకా ఉందా, ఊరగాయ పెట్టేశారా?"

నేను నేలమాళిగకు పరుగెత్తాను. గోతం గోడ మీదుగా తిరిగి ఇచ్చేటప్పుడు ఇద్దరం దాన్ని చెరోవైపు పట్టుకుని, వదలకుండా, కాసేపు అట్లాగే నిలబడ్డాం.

ఆ సాయంత్రం నెదెల్యా అవ్వే నడుచుకుంటూ వచ్చి టోపీ వెలిచ్కో నెత్తిన పెట్టి, చెవుల దాకా లాగింది. వాళ్ళింట్లో బీట్‌రూట్ సలాడు, బీట్‌రూట్ పులుసు, వెల్లుల్లి వేసి కాల్చిన బీట్‌రూట్. మాకూ ఒక గిన్నె పంపారు. మర్నాడు పొద్దున పెరటి చివర నుంచి వెలిచ్కో అరిచిన అరుపు వీధంతా వినపడింది. స్తోయ్నా పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తి, సగం దారిలో ఆగిపోయింది.

"అది బీట్‌రూట్ రా, వెర్రిమొహమా" అంది.

తర్వాత నవ్వటం మొదలుపెట్టింది. గోడకు ఇవతల నేను విన్నాను. ముందు ఆమె ఒక్కతే, తర్వాత పెరటి చివర నుంచి అతను కూడా. అది తోంచో కొట్టు నవ్వు కాదు, సావిడి నవ్వూ కాదు, అట్లాంటిది ఆ ఇంట్లోంచి నేనెప్పుడూ వినలేదు. మా అత్త కిటికీ దగ్గరికి వచ్చి ఏమైందే అని అడిగితే, బాగానే ఉన్నారు అన్నాను.

త్రిఫోన్ పండగ నాటికి మంచు పలచబడింది. ఆ రోజు మగవాళ్ళది. తీగలు కత్తిరించటం మొదలుపెట్టి, కోసిన చోట వైను పోసి, ఒకణ్ణి రాజును చేస్తారు. మేం ఆడవాళ్ళం బియ్యం నింపి కాల్చిన కోళ్ళూ గుండ్రటి రొట్టెలూ మోసుకుని వెనక చేరుకున్నాం. ఆ ఏడు రాజు ఎవరని పెద్దగా వాదించుకోలేదు. అందరికంటే ఎక్కువ కాలం బోసితలతో తిరిగినవాడికే కిరీటం న్యాయం అన్నాడు తోంచో. తీగలు చుట్టి చేసిన కిరీటాన్ని వెలిచ్కో టోపీ మీదే పెట్టారు, పైగా ఎర్ర వైను పోశారు. రాజుగారు ఈసారి ద్రాక్షతో చేసింది తాగుతారా, సొంతానిదా అని అడిగారు. సొంతానిది మహారాణి కొట్టు మూయించింది, ఇక మీ దగ్గరే అప్పు అన్నాడతను. స్తోయ్నా రొట్టె విరుస్తూ నవ్వింది. అందరూ కులాసాగా ఉన్నారు, చేతులు చల్లబడి, కడుపులు వెచ్చబడి.

కాసేపటికి నవ్వులు సద్దుమణిగినాయి. నిప్పుల చుట్టూ కూర్చున్నారు. రష్కో గ్లాసులోకి చూస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు:

"ఒరేయ్ బావా. లోపల అంత జరుగుతుంటే మాతో ఒక్క మాట అనొచ్చు గదరా. మేమేం పరాయివాళ్ళమా?"

వెలిచ్కో కత్తెర అంచు బొటనవేలితో తుడిచాడు. కిరీటం కొంచెం పక్కకు జారి ఉంది, సర్దుకోలేదు.

"రోజూ చెప్పాను. మీరు రోజూ నవ్వారు."